వల్కనైట్ కట్టుడు పళ్ళు: చవకైన పదార్థం, పేటెంటు హక్కు, వైద్య నిర్ణయం

వ్యాససంగ్రహం

19వ శతాబ్దం మధ్యకాలంలో గట్టి రబ్బరుతో తయారైన వల్కనైట్ కట్టుడు పళ్ళు దంతవైద్య చరిత్రను మలుపు తిప్పాయి. అంతవరకు సంపన్నులకే పరిమితమైన పళ్ళ సెట్టు వీటి మూలంగా మధ్యతరగతికి, క్రమంగా శ్రామిక కుటుంబాలకు అందింది. అయితే అదే చవకదనం, చికిత్సతో నిలిచే పళ్ళను సైతం తీసివేయించుకునే ధోరణికి ఊతమిచ్చింది. అమెరికాలో 1864 నుంచి 1881 వరకు అమలైన ఒక పేటెంటు ఈ పదార్థాన్ని ఒక సంస్థ అధీనంలో ఉంచింది. దానిపై సాగిన వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. ఒక హత్యకూ దారితీసింది. ఈ పరిణామాలను కాలక్రమంలో పరిశీలించి, పాడైన పన్నును నిలబెట్టాలా, తీసి కొత్తది అమర్చాలా అన్న నిర్ణయంలో రోగి నోటి పరిస్థితితోపాటు పదార్థం ధర, దాని యాజమాన్యం, రోగి ఆర్థికస్థితి ఏ మేరకు పాలుపంచుకున్నాయో నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: వల్కనైట్, కట్టుడు పళ్ళు, దంత పునరుద్ధరణ, పేటెంటు చట్టం, మత్తుమందు, దంతవైద్య చరిత్ర

1. ఉపోద్ఘాతం

పుచ్చిన పన్నుకు వైద్యంలో రెండు దారులు ఉన్నాయి. పుచ్చిన భాగాన్ని తొలిచి, ఆ గుంటను వేరొక పదార్థంతో పూడ్చి పన్నును నిలబెట్టడం మొదటిది. పన్నును తీసివేసి ఆ స్థానంలో కృత్రిమ దంతాన్ని అమర్చడం రెండవది. వీటిలో ఏది తగినదో నిర్ణయించడం వైద్యుని శాస్త్రజ్ఞానానికి సంబంధించిన విషయంగా పైకి కనిపిస్తుంది. దంతవైద్య చరిత్ర గ్రంథాలు కూడా ఎక్కువగా కొత్త పరికరాలు, కొత్త పదార్థాలు, కొత్త సిద్ధాంతాల వరుసక్రమంగానే ఈ చరిత్రను చెబుతాయి. ఆ వరుసలో ప్రతి ఆవిష్కరణా మునుపటి దానికంటే మెరుగైనదిగానే నిలుస్తుంది.

వల్కనైట్ చరిత్ర ఈ సరళరేఖలో ఇమడదు. అది నిస్సందేహంగా మేలైన పదార్థమే. కాని అది రోగులకు చేసిన మేలుకు, పళ్ళకు కలిగించిన నష్టానికి కారణం ఒక్కటే: చవకదనం. ఈ వ్యాసం ముందుగా వల్కనైటుకు పూర్వం కృత్రిమ దంతాలు ఎవరికి, ఏ విధంగా లభించాయో చెప్పి, ఆపై రబ్బరు, మత్తుమందు, పేటెంటు అనే మూడు అంశాలు ఒకే కాలంలో కలిసిన తీరును వివరిస్తుంది. చివర 20వ శతాబ్దపు పరిణామాలను, భారతదేశ సందర్భాన్ని క్లుప్తంగా చర్చిస్తుంది.

2. వల్కనైటుకు ముందు కృత్రిమ దంతాలు

ఆధునిక దంతవైద్యానికి ఆద్యునిగా పరిగణించే ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ 1728లో వెలువరించిన రెండు సంపుటాల గ్రంథంలో పుచ్చుపళ్ళను సీసం, తగరం వంటి లోహాలతో పూడ్చే పద్ధతితోపాటు కృత్రిమ దంతాల నిర్మాణాన్ని కూడా వివరించాడు. పైదవడ పళ్ళ సెట్టు కిందికి జారకుండా ఉక్కు స్ప్రింగుల సాయంతో దాన్ని నిలిపే ఏర్పాటు అందులో ఉంది. అంటే, నిలబెట్టడం, అమర్చడం అనే రెండు దారులూ ఆ గ్రంథంలో పక్కపక్కనే కనిపిస్తాయి.

18వ శతాబ్దంలో పళ్ళ సెట్ల పీఠాన్ని, అంటే చిగుళ్ళమీద ఆనే భాగాన్ని, ఎక్కువగా నీటిగుర్రపు కోరతోనో ఏనుగు దంతంతోనో చెక్కేవారు. ఇవి జంతు సంబంధమైన పదార్థాలు కావడంవల్ల నోటిలోని తేమకు క్రమంగా కుళ్ళి, రంగు మారి, దుర్వాసన వచ్చేవి. ఈ పీఠానికి బిగించే పళ్ళలో మనుషుల పళ్ళకే ఎక్కువ విలువ ఉండేది. ఆ పళ్ళు ఎక్కడివన్న ప్రశ్నకు చరిత్ర ఇచ్చే సమాధానం నిష్ఠురమైనది. 1815 నాటి వాటర్లూ యుద్ధభూమిలో మరణించిన సైనికుల నోళ్ళనుంచి తీసిన పళ్ళు విపణికి చేరాయి. ‘వాటర్లూ పళ్ళు’ అన్న పేరు ఆ విధంగానే స్థిరపడింది.

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఉదాహరణ ఇక్కడ ప్రస్తావించదగినది. ఆయన చెక్క పళ్ళు పెట్టుకున్నాడన్న ప్రచారం నిజం కాదు. ఆయన పళ్ళ సెట్లలో నీటిగుర్రపు కోర, లోహాలు, జంతువుల పళ్ళు, మనుషుల పళ్ళు వాడారు. 1789లో ఆయన అధ్యక్షునిగా ప్రమాణస్వీకారం చేసేనాటికి నోటిలో ఒకే ఒక్క సహజ దంతం మిగిలి ఉంది. 1784 నాటి ఆయన ఖాతాపుస్తకంలో, ఒక ఫ్రెంచి దంతవైద్యుని లెక్కకింద, తొమ్మిది పళ్ళకుగాను నీగ్రోలకు ఆరు పౌండ్ల రెండు షిల్లింగులు చెల్లించినట్లు పద్దు ఉంది. ఆ పళ్ళు ఆయన సెట్టులోకే చేరాయా లేదా అన్నది ఆ పద్దు చెప్పదు. అయినా బానిసత్వంలో ఉన్న మనుషుల నోటినుంచి పళ్ళు కొనుగోలు అయ్యాయన్న విషయాన్ని అది స్పష్టంగా నమోదు చేసింది. ఒకరి నోటిలో పళ్ళు నిలవడానికి మరొకరి నోటిలో పళ్ళు ఊడవలసి వచ్చిన కాలమది.

ఈ పరిస్థితిని మార్చే మొదటి ప్రయత్నం పింగాణితో జరిగింది. పారిస్ సమీపంలోని సాఁ జెర్మాఁ పట్టణంలో మందుల వ్యాపారి అలెక్సీ ద్యుషాతో, తన కోర పళ్ళ సెట్టు మందుల వాసనలను, రంగులను పీల్చుకోవడంతో విసిగి 1774 ప్రాంతంలో పింగాణి సెట్టు తయారు చేయించే ప్రయత్నం చేశాడు. అతనికి తోడ్పడిన దంతవైద్యుడు నికొలా ద్యుబువా ద షెమాఁ ఆ పద్ధతిని మెరుగుపరచి ఫ్రాన్సులోను, తరవాత ఇంగ్లండులోను ప్రత్యేక హక్కులు పొందాడు. పింగాణి కొలిమిలో కాలినప్పుడు కుంచించుకుపోవడంవల్ల సెట్టు నోటికి సరిగా అమరేది కాదు. 1808లో ఇటలీకి చెందిన జుసెప్పాంజెలో ఫోన్జీ ప్లాటినం మేకులు అమర్చిన విడివిడి పింగాణి పళ్ళను పరిచయం చేయడంతో ఈ ఇబ్బంది చాలావరకు తొలగింది. మనిషి పంటికి ప్రత్యామ్నాయం దొరికింది.

పన్ను సమస్య తీరినా పీఠం సమస్య మిగిలింది. పింగాణి పళ్ళను నిలపడానికి నాణ్యమైన పీఠం బంగారు రేకుతోనే సాధ్యమయ్యేది. రోగి దవడ అచ్చు తీసి, ఆ అచ్చుతో లోహపు దిమ్మెలు పోతపోసి, వాటి మధ్య బంగారు రేకును కొట్టి ఆకారం తెచ్చి, ఒక్కొక్క పన్నునూ దానికి టంకం పెట్టి అతికించాలి. ఇది స్వర్ణకారుని పనితనం కోరే పని. బంగారం ఖరీదు, పనివాని కూలి కలిసి ఈ పళ్ళ సెట్టును సామాన్యునికి అందనంత దూరంలో ఉంచాయి.

3. రబ్బరు నోటిలోకి ప్రవేశించిన విధం

ముడి రబ్బరు వేడికి జిగురుగా మారుతుంది, చలికి పెళుసెక్కుతుంది. దానిలో గంధకం కలిపి వేడిచేస్తే ఈ లోపాలు పోతాయని కనుగొన్న చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఈ ప్రక్రియకు వల్కనైజేషన్ అన్న పేరు స్థిరపడింది. గంధకం పాళ్ళు బాగా పెంచి ఎక్కువసేపు వేడిచేస్తే రబ్బరు సాగే గుణం కోల్పోయి కొమ్ములా గట్టిపడుతుంది. ఈ గట్టి రబ్బరుపై చార్లెస్ సోదరుడు నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో పేటెంటు పొందాడు. ఎబొనైట్, వల్కనైట్ అన్నవి దీని వాడుకపేర్లు.

దంతవైద్యునికి వల్కనైట్ అందించిన సౌలభ్యం దాని తయారీ క్రమంలోనే తెలుస్తుంది. ముందు రోగి దవడ అచ్చు తీసి ప్లాస్టర్ నమూనా తయారుచేస్తారు. దానిమీద మైనంతో పీఠాన్ని మలచి, అందులో పింగాణి పళ్ళను వరుసగా గుచ్చుతారు. ఈ మొత్తాన్ని ఒక లోహపు పెట్టెలో ప్లాస్టర్‌తో కప్పి, గట్టిపడిన తరవాత మైనాన్ని కరిగించి తీసివేస్తారు. మైనం ఖాళీచేసిన చోట మెత్తని రబ్బరును కూరి, పెట్టెను బిగించి, ఆవిరి పీడనం గల పాత్రలో సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉడికిస్తారు. బయటికి తీసేసరికి పీఠమూ పళ్ళూ ఒకే ముక్కగా బిగిసి ఉంటాయి. మెత్తగా ఉన్నప్పుడు కూరిన రబ్బరు అంగిలిలోని ప్రతి మడతనూ అనుసరించడంవల్ల సెట్టు నోటికి చక్కగా అంటుకుంటుంది. టంకం పని లేదు, బంగారం అవసరం లేదు, స్వర్ణకారుని నేర్పు అక్కర లేదు.

దీనికీ లోపాలు లేకపోలేదు. సహజంగా ముదురు రంగులో ఉండే రబ్బరుకు చిగురు రంగు తేవడానికి పాదరస సమ్మేళనమైన ఇంగిలీకం కలిపేవారు. ఆ కలయిక విషమా అన్న చర్చ చాలాకాలం సాగింది. రబ్బరు వేడిని త్వరగా ప్రసరింపజేయదు కనుక దానికింద అంగిలి కందిపోతోందన్న ఫిర్యాదులు కూడా వచ్చాయి. అయినా ధర విషయంలో బంగారం దీనితో పోటీ పడలేకపోయింది.

4. నొప్పి లేకుండా పన్ను తీయడం

కట్టుడు పళ్ళు పెట్టుకోవాలంటే ముందు మిగిలిన పళ్ళు, వాటి వేళ్ళు తీయించుకోవాలి. మత్తుమందు లేని కాలంలో ఇది భయానకమైన అనుభవం. ఎంత పుచ్చిన పన్నయినా అది తనంతట ఊడేవరకు భరించినవారే ఎక్కువ. నొప్పి ఆ విధంగా పళ్ళకు ఒక రక్షణగా కూడా పనిచేసింది.

శస్త్రచికిత్సలో మత్తుమందు చరిత్ర దంతవైద్యులతో మొదలుకావడం యాదృచ్ఛికం కాదు. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో గార్డనర్ కోల్టన్ జరిపిన నైట్రస్ ఆక్సైడ్ ప్రదర్శనను చూసిన దంతవైద్యుడు హొరేస్ వెల్స్, మర్నాడే ఆ వాయువు పీల్చి తన పన్ను తీయించుకున్నాడు. వెల్స్‌తో కొంతకాలం కలిసి పనిచేసిన విలియం మోర్టన్ 1846లో ఈథర్‌ను ప్రయోగించి, అక్టోబరు 16న మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో దాని శక్తిని బహిరంగంగా నిరూపించాడు. మోర్టన్‌ను ఈ అన్వేషణకు పురికొల్పిన కారణం ఈ వ్యాసానికి ముఖ్యమైనది. అతని ఆదాయం కట్టుడు పళ్ళ తయారీమీద ఆధారపడింది. అతని పద్ధతిలో సెట్టు సరిగా అమరాలంటే పాత వేళ్ళన్నీ తీయాలి. ఆ నొప్పికి వెరచి రోగులు వెనుదిరిగేవారు. నొప్పి తొలగితే కట్టుడు పళ్ళకు గిరాకీ పెరుగుతుందన్న వృత్తిపరమైన అవసరమే మానవాళికి గొప్ప వరంగా పరిణమించిన ఆవిష్కరణకు దారితీసింది.

కోల్టన్ 1863లో నైట్రస్ ఆక్సైడ్‌ను తిరిగి ప్రచారంలోకి తెచ్చి, న్యూయార్కులో పళ్ళు తీయడమే పనిగా ఒక సంస్థ స్థాపించాడు. ఈ విధంగా 1860 దశకానికి నొప్పి లేకుండా పళ్ళు తీయించుకోవడం, తక్కువ ఖర్చుతో కొత్త సెట్టు కట్టించుకోవడం రెండూ ఏకకాలంలో సాధ్యమయ్యాయి. విడివిడిగా చూస్తే రెండూ మేలైనవే. రెండూ కలిసినప్పుడు పన్నును నిలబెట్టడానికి పట్టే కాలం, ఖర్చు, ఓర్పు రోగికి భారంగా తోచాయి. ఒక్కసారి అన్నీ తీయించుకుంటే జీవితాంతం పంటినొప్పి ఉండదన్న ఆలోచన వ్యాపించింది. వల్కనైట్ తమ వృత్తిని దిగజార్చిందని, నిలిచే పళ్ళు అకారణంగా రాలిపోతున్నాయని సమకాలిక దంతవైద్యులలో కొందరు విమర్శించారు.

5. పేటెంటు, లైసెన్సు, తీర్పు

వల్కనైట్ చవకదనానికి ఒక అడ్డంకి మిగిలింది. బోస్టన్ దంతవైద్యుడు జాన్ కమింగ్స్ గట్టి రబ్బరు పళ్ళ పీఠాన్ని తన ఆవిష్కరణగా పేర్కొంటూ 1852లో పేటెంటు కార్యాలయానికి ముందస్తు సమాచారం ఇచ్చాడు. 1855లో దరఖాస్తు చేశాడు. దరఖాస్తు పలుమార్లు తిరస్కరణకు గురైంది. పేదరికం, అనారోగ్యం అతన్ని వెనక్కి లాగాయి. చివరకు 1864 జూన్ 7న పేటెంటు మంజూరైంది. ఈలోగా దాదాపు పదేళ్ళపాటు వల్కనైట్ పీఠాలు దంతవైద్యుల వాడుకలోకి వచ్చేశాయి. పేటెంటు హక్కు గుడ్‌ఇయర్ డెంటల్ వల్కనైట్ కంపెనీ చేతికి వచ్చింది. దాని కోశాధికారి జొసయా బేకన్ దేశమంతటా దంతవైద్యులనుంచి లైసెన్సు రుసుములు, రాయల్టీలు వసూలు చేసే పనిని స్వయంగా చేపట్టాడు. లైసెన్సు తీసుకోనివారిపై వ్యాజ్యాలు నడిపాడు.

దంతవైద్యుల ప్రతిఘటన రెండు రూపాల్లో సాగింది. మొదటిది ప్రత్యామ్నాయ పదార్థాల అన్వేషణ. జాన్ వెస్లీ హయత్ 1870లో ప్రారంభించిన ఆల్బనీ డెంటల్ ప్లేట్ కంపెనీ సెల్యులాయిడ్‌తో పీఠాలు తయారుచేసింది. అవి చిగురు రంగుకు దగ్గరగా ఉన్నా కాలక్రమంలో వంగిపోయేవి, కర్పూరం రుచి తగిలేది. రబ్బరు స్థానాన్ని అవి తీసుకోలేకపోయాయి.

రెండవది న్యాయపోరాటం. స్మిత్ అనే దంతవైద్యునికి, కంపెనీకి మధ్య వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 1876 నాటి ఆ కేసులో దంతవైద్యుల పక్షాన వినిపించిన వాదం సూటిగా ఉంది. పళ్ళ సెట్టు కొత్తది కాదు; గట్టి రబ్బరూ కొత్తది కాదు; బంగారం స్థానంలో రబ్బరు వాడడం పదార్థాన్ని మార్చడమే తప్ప ఆవిష్కరణ కాదు. తలుపు పిడిని లోహానికి బదులు మట్టితో చేయడం ఆవిష్కరణ కాదన్న పాత తీర్పు వారికి ఆధారం. న్యాయస్థానం ఈ వాదాన్ని అంగీకరించలేదు. పీఠాన్నీ పళ్ళనూ ఒకే ముక్కగా బిగించే ఈ విధానం కొత్త గుణాలు గల కొత్త వస్తువును సృష్టించిందని నిర్ణయించింది. ఈ సెట్టు పాతవాటిని వెనక్కి నెట్టి విస్తృతంగా వాడుకలోకి రావడాన్ని కూడా, సందేహం కలిగిన చోట, ఆవిష్కరణ ఉందనడానికి సూచనగా పరిగణించింది. పేటెంటు న్యాయశాస్త్రంలో ఈ తర్కం నేటికీ ప్రస్తావనకు వస్తుంది.

ఈ తీర్పులో వైద్య చరిత్రకు సంబంధించిన ఒక వైరుధ్యం ఇమిడి ఉంది. వల్కనైట్ అంత వేగంగా వ్యాపించడానికి దాని సాంకేతిక గుణంతోపాటు ధర కూడా కారణం. చవక కనుక జనం ఆదరించారు. జనం ఆదరించారన్నదే దానిపై రుసుము వసూలుచేసే హక్కుకు బలం చేకూర్చింది. ఆ రుసుము భారం చివరకు పళ్ళు కట్టించుకునే రోగిపైనే పడింది.

6. 1879 నాటి హత్య

తీర్పు తరవాత కంపెనీ వసూళ్ళు మరింత పట్టుదలతో సాగాయి. డెలవేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో వృత్తి చేసిన శామ్యూల్ చాల్‌ఫంట్ అనే దంతవైద్యుడు ఈ వ్యాజ్యాలనుంచి తప్పించుకుంటూ పశ్చిమానికి తరలి చివరకు శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. బేకన్ అక్కడికీ వచ్చి వ్యాజ్యం వేశాడు. 1879 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారంనాడు, బాల్డ్‌విన్ హోటల్లోని తన గదిలో బేకన్ చాల్‌ఫంట్ తుపాకి గుండుకు బలయ్యాడు. చాల్‌ఫంట్‌కు పదేళ్ళ శిక్ష పడింది.

ఈ ఘటనను ఒక వ్యక్తి ఆవేశంగా చెప్పి వదిలేయడం తేలిక. కాని దీని వెనక ఉన్న వృత్తి పరిస్థితిని గమనించాలి. చిన్న పట్టణాల దంతవైద్యునికి పళ్ళ సెట్లే ప్రధాన ఆదాయం. వల్కనైట్ లేకుండా సెట్లు అమ్ముడుపోవు. వల్కనైట్ వాడితే రుసుము చెల్లించాలి. రహస్యంగా వాడితే వ్యాజ్యం తప్పదు. ఒక చికిత్సా పదార్థం ఒకే సంస్థ గుప్పిటలో ఉన్నప్పుడు వైద్యుడు ఎంత నిస్సహాయుడు కాగలడో ఈ ఘటన చూపుతుంది. ఆ నిస్సహాయత హత్యను సమర్థించదు. చట్టం సక్రమమని తేల్చిన హక్కు ఆచరణలో ఎంత ద్వేషాన్ని పోగుచేసిందో మాత్రం తెలియజేస్తుంది. 1881లో పేటెంటు గడువు ముగిసింది. వల్కనైట్ అందరి సొత్తయింది.

7. అదే రబ్బరు, వేరొక దారి

కమింగ్స్‌కు పేటెంటు మంజూరైన 1864లోనే, అందుకు మూడు నెలల ముందు, న్యూయార్కు దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ రబ్బరుకు మరొక ఉపయోగం కనుగొన్నాడు. పుచ్చిన పన్నును పూడ్చేటప్పుడు లాలాజలం తగిలితే పూత నిలవదు. బార్నమ్ పలుచని రబ్బరు తొడుగుకు రంధ్రం చేసి పంటికి తొడిగి, తక్కిన నోటినుంచి దాన్ని వేరుచేశాడు. నేటికీ పంటివేరు చికిత్సలో వాడే రబ్బరు డామ్ ఇదే. దాన్ని అతను తన సాటి వైద్యులందరికీ ఉచితంగా అందించాడు. ఒకే సంవత్సరంలో ఒకే పదార్థం రెండు దారుల్లో దంతవైద్యంలోకి వచ్చింది: పోయిన పన్నుకు బదులిచ్చేది వసూలు హక్కుతో వచ్చింది, ఉన్న పన్నును కాపాడేది ఉచితంగా వచ్చింది. అయినప్పటికీ సామాన్యుని వరకు ముందుగా చేరింది మొదటిదే.

దీనికి కారణం పూడ్పు పదార్థాల చరిత్రలో దొరుకుతుంది. పన్నును పూడ్చడానికి వృత్తి పెద్దలు శ్రేష్ఠంగా భావించింది బంగారు రేకును. దాన్ని ముక్కలుగా కూరి గట్టిపరచడానికి ఎంతో సమయం పట్టేది. చవకైన ప్రత్యామ్నాయం పాదరసం, వెండి కలిసిన అమాల్గమ్. 1833లో క్రాకోర్ సోదరులు దాన్ని అమెరికాకు తెచ్చి, పుచ్చిన భాగాన్ని సరిగా తొలగించకుండానే పూడ్చి డబ్బు గడించడంతో దానికి చెడ్డపేరు వచ్చింది. 1840లో ఏర్పడిన అమెరికన్ దంత శస్త్రవైద్యుల సంఘం, తన సభ్యులు అమాల్గమ్ వాడబోమని ప్రమాణం చేయాలని పట్టుబట్టింది. ఈ కలహంతో బలహీనపడి 1856లో ఆ సంఘమే రద్దయింది. పేదవాని పన్నును నిలబెట్టగల ఏకైక చవక పదార్థం వృత్తి గౌరవం పేరిట నిందకు గురైన దశాబ్దాలలోనే, పేదవాని పన్ను తీసి సెట్టు కట్టే చవక పదార్థం విజృంభించింది. 1871లో జేమ్స్ మోరిసన్ రూపొందించిన కాలితో తొక్కే తొలుపు యంత్రం, 1890లో విలోబీ మిల్లర్ వివరించిన సూక్ష్మజీవుల పాత్ర, 1890 దశకంలో గ్రీన్ వార్డిమన్ బ్లాక్ స్థిరపరచిన అమాల్గమ్ పాళ్ళు కలిసిన తరవాతనే పన్నును నిలబెట్టే వైద్యం విస్తృతికి తగిన పునాది ఏర్పడింది.

8. వల్కనైట్ అనంతర పరిణామాలు

పదార్థం మారినా పాత అలవాటు వెంటనే పోలేదు. 1910లో ఆంగ్ల వైద్యుడు విలియం హంటర్ మాంట్రియాల్‌లో చేసిన ప్రసంగంలో, చెడిన పళ్ళమీద కట్టే బంగారు తొడుగులు, వంతెనల కింద చీము నిలిచి శరీరమంతటికీ రోగాలు వ్యాపిస్తున్నాయని విమర్శించాడు. ఆ సిద్ధాంత ప్రభావంతో కొన్ని దశాబ్దాలపాటు లెక్కలేనన్ని పళ్ళు తీసివేతకు గురయ్యాయి. ఈసారి తీసివేతకు శాస్త్రమే సమర్థన ఇచ్చింది. తీసిన తరవాత పెట్టుకునే చవక సెట్టు సిద్ధంగా ఉండడం ఆ సమర్థనను సులువుచేసింది.

1930 దశకం చివర ఆక్రిలిక్ ప్లాస్టిక్ రంగప్రవేశం చేసి, చిగురు రంగుకు సరిపడే పీఠాన్ని ఇచ్చి వల్కనైట్‌ను క్రమంగా తొలగించింది. 1948లో బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్యసేవ ప్రారంభమైనప్పుడు కట్టుడు పళ్ళు ఉచితంగా లభించాయి. వాటికోసం వచ్చిన గిరాకీ ప్రభుత్వ అంచనాలను మించిపోయింది. 1951లో కట్టుడు పళ్ళకు, కళ్ళద్దాలకు రుసుము విధించాలన్న నిర్ణయాన్ని నిరసిస్తూ ఆ సేవ నిర్మాత అన్యూరిన్ బెవన్ మంత్రిపదవికి రాజీనామా చేశాడు. 1968 సర్వే నాటికి ఇంగ్లండు, వేల్సులలో పెద్దవారిలో 37 శాతం మందికి ఒక్క సహజ దంతం కూడా లేదు. పళ్ళన్నీ పోవడం ఆ తరానికి వార్ధక్యంలో ఒక సహజ ఘట్టంగా తోచింది. ఉచిత సెట్టు ఆ తరాన్ని తయారుచేయలేదు. అంతకు ముందటి తరాల తీసివేతల ఫలితం ఆ అంకెలో నిక్షిప్తమై ఉంది.

ఆ తరవాతి అర్ధశతాబ్దం నిలబెట్టే వైద్యానిది. 1955లో మైకేల్ బ్యూనకోర్ పంటి పింగాణిపొరను ఆమ్లంతో గరుకుపరచి పదార్థాన్ని అతికించే పద్ధతి చూపాడు. 1960 దశకంలో రాఫెల్ బోవెన్ రూపొందించిన రెజిన్ పంటి రంగు పూడ్పులకు మూలమైంది. పోయిన పన్ను విషయంలో, స్వీడన్ శాస్త్రజ్ఞుడు పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ టైటానియం ఎముకతో బిగిసిపోతుందని గమనించి 1965లో తొలిసారి ఒక రోగికి దంత ఇంప్లాంట్లు అమర్చాడు. ఈ చికిత్సలు నాణ్యతలో వల్కనైట్‌ను ఎంతో మించినవి. ధరలో మాత్రం చాలామందికి ఇవి ఆనాటి బంగారు పీఠంవంటివే.

9. భారతదేశ సందర్భం

భారతదేశంలో ఆధునిక దంతవైద్య విద్యకు రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించిన కళాశాల నాంది. ఆయన అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో శిక్షణ పొందారు. అంటే వల్కనైట్ యుగపు అమెరికన్ దంతవైద్యమే ఆయన ద్వారా ఇక్కడికి చేరిన తొలి పాఠ్యక్రమాలకు నేపథ్యం. 1948 దంతవైద్యుల చట్టం వృత్తిని నమోదు పరిధిలోకి తెచ్చింది. ఆ చట్టం రిజిస్టరును రెండు భాగాలు చేసింది. గుర్తింపు పొందిన పట్టా ఉన్నవారు మొదటి భాగంలోను, పట్టా లేకపోయినా నిర్ణీత కాలానికి ముందు అయిదేళ్ళు దంతవైద్యమే ప్రధాన జీవనాధారంగా చేసినవారు రెండవ భాగంలోను చేరారు. పట్టా లేకుండా పళ్ళు తీసి, సెట్లు కట్టి జీవించేవారు దేశంలో గణనీయంగా ఉన్నారని చట్టమే ఆ విధంగా అంగీకరించింది. కలకత్తానుంచి ఇతర నగరాలకు విస్తరించిన హుబెయ్ ప్రాంతపు చైనా దంతవైద్య కుటుంబాలు, రోడ్డు పక్కన పళ్ళ సెట్లు పరచుకుని కూర్చునే పనివారు ఈ చరిత్రలో భాగమే. వైద్యకళాశాల అందని చోట, తక్కువ ధరకు సెట్టు కట్టే చేయి అందింది.

తెలుగు వాడుక కూడా ఈ క్రమాన్ని భద్రపరచింది. ‘పన్ను పీకించుకోవడం’, ‘పళ్ళు కట్టించుకోవడం’ అనే రెండు పనులకూ తెలుగులో సహజమైన క్రియలున్నాయి. ‘కట్టుడు పళ్ళు’ అన్న మాట పండితునినుంచి పామరునివరకు అందరికీ తెలుసు. పన్నును నిలబెట్టే చికిత్సకు వచ్చేసరికి ‘సిమెంటు పెట్టించుకోవడం’, ‘రూట్ కెనాల్’, ‘క్యాప్’ అంటూ ఎరువు మాటలమీద ఆధారపడవలసి వస్తుంది. తీయడం, కట్టడం అనుభవంలోకి ముందుగా వచ్చి భాషలో స్థిరపడ్డాయి. నిలబెట్టడం ఆలస్యంగా, ఆసుపత్రి పరిభాషతో కలిసి వచ్చింది. హైదరాబాదు, విజయవాడల్లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులవంటివి దగ్గరలో లేని గ్రామీణ రోగికి ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలన్నది నేటికీ ప్రయాణ ఖర్చు, పోయే కూలి, ఎన్నిసార్లు తిరగవలసి వస్తుందన్న లెక్కతో ముడిపడిన విషయమే.

10. ముగింపు

పై పరిశీలన ఆధారంగా ఈ కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. వల్కనైట్ కట్టుడు పళ్ళు మృతుల, పేదల, బానిసల పళ్ళమీద ఆధారపడిన పాత వ్యవస్థను పింగాణితో కలిసి అంతం చేశాయి. సామాన్యుని ముఖానికి, ఆహారానికి, మాటకు అవి చేసిన మేలు వాస్తవం.

2. మత్తుమందు, చవక పీఠం ఏకకాలంలో లభించడంవల్ల తీసివేత సులభమైన, ఖర్చు తక్కువైన మార్గమైంది. అదే కాలంలో చవకైన పూడ్పు పదార్థమైన అమాల్గమ్‌ను వృత్తి సంఘం వ్యతిరేకించడం ఈ ధోరణికి పరోక్షంగా తోడ్పడింది.

3. పేటెంటు హక్కు ఆవిష్కర్త శ్రమకు గుర్తింపు ఇవ్వడం న్యాయమే అయినా, అప్పటికే వాడుకలో ఉన్న చికిత్సా పదార్థంపై ఏకస్వామ్యం వైద్యునిపైన, రోగిపైన భారం మోపింది. 1864 నాటి రబ్బరు పీఠం, రబ్బరు డామ్ అనే రెండు ఉదాహరణలు ఆవిష్కరణను పంచుకోవడంలోని రెండు నీతులను చూపుతాయి.

4. దంత పునరుద్ధరణ చరిత్రను పదార్థాల పురోగతిగా మాత్రమే చదివితే, ఊడిన పళ్ళ లెక్క కనిపించదు. ఒక చికిత్స చవకగా లభించడం మేలే. అయితే ఏ చికిత్స చవకగా లభిస్తోంది, తీసివేయడమా నిలబెట్టడమా, అన్న ప్రశ్న కూడా చరిత్రకారుడు వేయాలి.

టైటానియం ఇంప్లాంటు అందుబాటులోకి రావాలన్న కోరికతోపాటు, పన్ను పుచ్చిన తొలినాళ్ళలోనే ఊరి ఆసుపత్రిలో దాన్ని పూడ్చే ఏర్పాటు ఉందా అన్నది నేటి ప్రజారోగ్య విధానం ముందున్న ప్రశ్న. వల్కనైట్ చరిత్ర ఆ ప్రశ్నకు సమాధానం ఇవ్వదు. ఆ ఏర్పాటు లేని చోట జనం ఏ దారి పట్టారో మాత్రం సోదాహరణంగా చూపుతుంది.